తాడిపత్రి: గ్రేట్ డేన్ జాతి కుక్క, మగ, సుమారు 4 ఏళ్లు. కాపలాకి కాదు, ఇంట్లో ఉంచుకునేవాళ్లు కావాలి

సరళ_తాడిపత్రి | మార్చి 9, రాత్రి 9.40

నమస్కారం అండీ. పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. ఇప్పటిదాకా ఫోన్ చేసినవాళ్లందరూ ఒకటే అడుగుతున్నారు, "బాగా మొరుగుతుందా?" అని.

నేను తాడిపత్రిలో ఒక నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. మా పక్క ఫ్యాక్టరీ దసరా అయ్యాక మూతపడింది. మిషన్లు లారీల్లో ఎక్కించుకుపోయారు, కూలీలు వేరేచోట పనికి కుదిరారు, కాపలాకి కట్టేసిన కుక్క మాత్రం అక్కడే ఉండిపోయింది. రెండు మూడు రోజులకొకసారి ఎవరో మనిషి బండి మీద వచ్చి గోడ మీద నుంచి హోటల్ అన్నం కవర్ విసిరేసి పోయేవాడట. నాకు తెలిసింది ఫిబ్రవరి మొదట్లో. ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయి కటింగ్ మిషన్ల రొద ఆగిపోయింది, అప్పుడు గోడకి అవతల గొలుసు చప్పుడు వినిపించింది. అంటే నాలుగు నెలలుగా ఆ చప్పుడు అక్కడే ఉంది, నేను ఇవతల కూర్చుని రోజూ క్యారియర్ విప్పి అన్నం తింటూ ఉన్నాను.

లోపలికి వెళ్లి చూస్తే గ్రేట్ డేన్. నిలబడితే నా నడుము దాకా వస్తాడు. ఇనుప స్తంభానికి గొలుసు, అది నా చెయ్యంత పొడుగు కూడా లేదు. తొట్టిలో పాచి పట్టిన నీళ్లు. పడుకోవడానికి పగిలిన బండలు, రాతి బురద ఎండి గట్టిపడిన నేల. మోచేతుల దగ్గర చర్మం మొద్దుబారి, పగిలి పుండ్లు పడింది. మెడపట్టీ కింద ఇంకో పుండు. చెవుల నిండా పిడుదులు. పక్కటెముకలు గేటు దగ్గర నుంచే లెక్కపెట్టొచ్చు. నన్ను చూసి మొరగలేదు. తోక ఒకసారి నేలకేసి కొట్టాడు, అంతే.

యజమానికి ఫోన్ చేస్తే "కావాలంటే తీసుకుపోండమ్మా" అన్నాడు. ఆ మాటే తెల్లకాగితం మీద రాయించి, తేదీ వేయించి సంతకం పెట్టించుకున్నాను. ఛోటా హాతీ మాట్లాడుకుని జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకుపోయాం. ఆ రోజు తూకం 37 కిలోలు. రక్తపరీక్షలో పిడుదుల జ్వరం తేలింది, 28 రోజులు మాత్రలు వేశాం. నిన్న తూకం 44.

మాది రెండు గదుల అద్దె ఇల్లు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, నేను ఉదయం ఎనిమిదికి పనికి పోవాలి. వాడు తోక ఊపితే బల్ల మీద గిన్నెలు కింద పడతాయి. వాడికి అమ్మే పేరు పెట్టింది, పెద్దోడు అని. ఫ్యాక్టరీలో ఏమని పిలిచేవారో తెలియదు, తెలిసిన పేర్లన్నీ పిలిచి చూశాం, దేనికీ తలెత్తలేదు.

నాకు కావలసింది ఇది. రాత్రి ఇంటి లోపల పడుకోనిచ్చే మనుషులు, గొలుసు లేని ఇల్లు. డబ్బు వద్దు. ఇచ్చే ముందు మీ ఇల్లు చూస్తాను. ఏ కారణంతో ఉంచుకోలేకపోయినా నాకే తిరిగి ఇవ్వాలి, ఇంకొకరికి ఇవ్వకూడదు.

నస్రీన్_కడప | మార్చి 9, రాత్రి 10.25

అక్కా, ఆ సంతకం పెట్టించుకున్నారు చూడండి, చాలా మంచి పని చేశారు. కడపలో నేను ఒక లాబ్రడార్‌ని ఇట్లాగే తెచ్చి మూడు నెలలు సాకాను. ఒంటికి కండ పట్టాక పాత యజమాని నలుగురిని వెంటేసుకుని మా గేటు ముందుకొచ్చాడు. నా దగ్గర కాగితం లేదు. ఇచ్చేయాల్సి వచ్చింది.

కొన్ని అడుగుతాను, ఇక్కడే జవాబు రాయండి, తీసుకోవాలనుకునేవాళ్లు కూడా చదువుతారు. పిల్లల దగ్గర ఎలా ఉంటాడు? పిల్లి కనపడితే ఏం చేస్తాడు? తినేటప్పుడు దగ్గరికి వెళ్తే ఊరుకుంటాడా? వేటికి భయపడతాడు? ఫోటోలు పెడితే మోచేతి పుండ్లు కూడా పెట్టండి. దాచిపెట్టి ఇచ్చిన కుక్క వారంలో తిరిగొస్తుంది, ఆ తిరిగి రావడం దానికి ఇంకా పెద్ద దెబ్బ.

ఇంకోటి, మెడపట్టీ విప్పేటప్పుడు మీకు పన్ను గానీ గోరు గానీ తగిలిందా? తగిలి ఉంటే చిన్న గీత అయినా సరే, టీకా వేయించుకున్నారా లేదా?

సరళ_తాడిపత్రి | మార్చి 9, రాత్రి 11.10

తగిలిందమ్మా, గోరు గీరుకుంది. పావుగంట సబ్బుతో కడిగి ప్రభుత్వాసుపత్రికి పోయాను. ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, 28వ రోజు, నాలుగుసార్లూ వేయించుకున్నాను.

ఉన్నది ఉన్నట్టు చెప్తాను. పక్కింటి ఆరేళ్ల పాప దగ్గరికి వస్తే తనే వెనక్కి జరుగుతాడు. కానీ వాడి ఒళ్లు ఎంత ఉందో వాడికే తెలియదు, తిరగబోతే పాప పడిపోయింది ఒకసారి. పిల్లి కనపడితే లాగుతాడు, పిల్లి ఉన్న ఇంటికి ఇవ్వను. గిన్నె దగ్గరికి వెళ్తే గుర్రుమంటాడు, అమ్మ మీద తప్ప. గొలుసు చప్పుడైనా, ఎవరి ఇంట్లోనైనా బావిలోకి చేద వేసినా బీరువా వెనక్కి దూరతాడు, పట్టదు, సగం బయటే ఉంటుంది.

బయట వీధిలో బండి ఆగిన చప్పుడైతే మాత్రం లేచి నిలబడి గోడ పైకి చూస్తాడు. అన్నం అక్కడి నుంచే పడుతుందని.

డేన్స్_కర్నూలు | మార్చి 10, ఉదయం 7.15

జాతి పేపర్లు ఉన్నాయా మేడం? నాకు కల్లూరులో రెండు ఆడ గ్రేట్ డేన్లు ఉన్నాయి, మగది క్రాసింగ్‌కి కావాలి. 15,000 ఇస్తాను. ఈ ఆదివారమే వచ్చి తీసుకుపోతాను, తిండికి ఏ లోటూ ఉండదు.

సరళ_తాడిపత్రి | మార్చి 10, ఉదయం 7.50

లేదండీ. ఇంకా 50 కిలోలు కూడా లేని కుక్క అది. బరువు పెరగగానే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించే ఇస్తాను, లేదా చేయిస్తామని కాగితం రాసిచ్చినవాళ్లకు ఇస్తాను. డబ్బు గురించి ఇక్కడ ఇంకెవరూ రాయొద్దు.

పశువైద్యం_ప్రొద్దుటూరు | మార్చి 10, మధ్యాహ్నం 2.05

నేను ప్రైవేటుగా ప్రాక్టీస్ చేస్తాను, ఈ కుక్కను చూడలేదు. కానీ ఇంత పెద్ద జాతిని ఇంతగా ఎండిపోయాక తెచ్చుకునేవాళ్లకు కొన్ని విషయాలు తెలియాలి, అందుకే రాస్తున్నాను.

ఆకలితో ఉన్న జంతువుని చూసి మనకు మొదట కలిగే కోరిక ఒక్కసారిగా కడుపునిండా పెట్టడం. అదే ప్రమాదం. చాలాకాలం తిండిలేని శరీరానికి హఠాత్తుగా ఎక్కువ పెడితే రక్తంలో లవణాల లెక్క తప్పి గుండె మీదికి వస్తుంది. కొంచెం కొంచెంగా, రోజుకి నాలుగుసార్లు పెడుతూ, వారాల మీద పెంచాలి. సరళ గారు నెలరోజుల్లో ఏడు కిలోలు పెంచారంటే జాగ్రత్తగానే చేశారు.

రెండోది గ్రేట్ డేన్‌కి ప్రత్యేకం. లోతైన ఛాతీ ఉన్న జాతి కాబట్టి కడుపు ఉబ్బి మెలిపడే జబ్బు దీనికి ఎక్కువ. పొట్ట ఢమరుకంలా బిగుసుకోవడం, వాంతికి ప్రయత్నించినా ఏమీ రాకపోవడం, నిలవలేక అటూ ఇటూ తిరగడం కనపడితే తెల్లారేదాకా ఆగకూడదు, గంటల్లో ప్రాణం పోతుంది, ఆపరేషన్ ఒక్కటే దారి. అందుకే జీవితాంతం రోజుకి రెండు మూడు పూటలుగా పంచి పెట్టాలి, తిన్నాక గంటపాటు పరుగు, ఆట వద్దు. తీసుకునేవాళ్లు మీ ఊరి నుంచి ఆపరేషన్ చేయగల ఆసుపత్రి ఎంత దూరమో ఇప్పుడే కనుక్కోండి.

మోచేతుల పుండ్లకు మందు కంటే మెత్తటి పడక ముఖ్యం. ఎముక మీద కండ లేదు, నేల గట్టిది, రాసుకుని రాసుకుని అలా అవుతుంది. రెండు మూడు గోనెసంచుల్లో గడ్డి కుట్టి వేసినా చాలు. పుండ్ల మీద గానీ, గజ్జి అని గానీ, దయచేసి ఎవరూ కాలిన ఇంజిన్ ఆయిల్ పూయొద్దు. మన ఊళ్లలో ఇది ఇంకా మానలేదు. చర్మం కాలుతుంది, కుక్క నాకితే లోపలికి పోతుంది.

మగ గ్రేట్ డేన్ ఆరోగ్యంగా ఉంటే 55 కిలోలకు తక్కువ ఉండదు. ఆయుష్షు ఎనిమిది నుంచి పదేళ్లు. వీడికి నాలుగంటే, సగం మిగిలింది.

చీనీతోట_పుట్లూరు | మార్చి 10, రాత్రి 8.30

సరళమ్మా, నాది పుట్లూరు దగ్గర ఏడెకరాల చీనీతోట. మీకు దగ్గరే. నాకు ఇవ్వండి. పాలు, రాగి సంగటి, వారానికి రెండుసార్లు కోడి, ఏ లోటూ చేయను. తోటంతా తిరగొచ్చు, నీడ ఉంది, నీళ్లున్నాయి. మీ రెండు గదుల ఇంటికంటే వెయ్యి రెట్లు నయం. పోయిన ఏడాది బోరు మోటారు కేబుల్ వైరు మూడుసార్లు కోసుకుపోయారు. ఇంత పెద్ద కుక్క గేటు దగ్గర నిలబడితే దొంగ ఆ దారినే రాడు. పగలు కట్టేస్తాను, రాత్రి వదులుతాను.

సరళ_తాడిపత్రి | మార్చి 10, రాత్రి 8.55

అన్నా, మీరు మంచి మనసుతోనే అడిగారని తెలుసు. కానీ పగలు కట్టేస్తాను అన్నారు. వద్దు.

చీనీతోట_పుట్లూరు | మార్చి 10, రాత్రి 9.20

తల్లీ, ఊళ్లో కుక్కని గొలుసు లేకుండా ఎట్లా పెంచుతారో మీరే చెప్పండి. పగలు వదిలేస్తే పక్క తోటలో గొర్రెపిల్లని పడుతుంది, వాళ్లు విషం పెడతారు. నా రెండు కుక్కలు అట్లాగే పోయాయి. నేను కట్టేసేది బతకాలనే. ఫ్యాక్టరీ వాడితో నన్ను కలిపి చూడొద్దు. నా కుక్క చస్తే రెండు రోజులు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

నస్రీన్_కడప | మార్చి 10, రాత్రి 10.00

అన్నా, మిమ్మల్ని ఎవరూ వాడితో కలపలేదు. విషం సంగతి నిజమే, మా వైపూ అంతే. కానీ ఈ కుక్క గురించి ఆలోచించండి. నాలుగు నెలలు ఒంటరిగా స్తంభానికి కట్టి ఉన్నాడు. గొలుసు చప్పుడుకి బీరువా వెనక్కి దూరేవాడిని మళ్లీ చెట్టుకి కడితే మీరు ఎంత బాగా పెట్టినా వాడికి అది ఆ ఫ్యాక్టరీయే. ఇంకొకటి, మోచేతి పుండ్లతో, బక్కచిక్కి ఉన్న గ్రేట్ డేన్ మే నెల ఎండలో తోటలో నిలబడలేడు. పైగా ఈ జాతి చూడటానికే భయం. లోపల మెత్తన. దొంగ వచ్చి చెవి వెనక గోకితే కేబుల్ దగ్గరికి తనే తీసుకుపోతాడు.

మీకు కావలసింది మన నాటుకుక్కలు. ఈ ఎండలో పుట్టి పెరిగినవి, తక్కువ తింటాయి, రాత్రి ఆకు కదిలినా లేస్తాయి. చిన్నపిల్లలప్పుడే రెండు తెచ్చుకుని గొర్రెల మధ్యే పెంచండి, వాటిని ముట్టవు. ఆపరేషన్ చేయిస్తే తోట వదిలి తిరగడం కూడా తగ్గుతుంది. అప్పుడు గొలుసు అవసరమే తక్కువ.

వకీలు_కర్నూలు | మార్చి 11, ఉదయం 9.30

చట్టం సంగతి చెప్తాను. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో 11వ సెక్షన్ ఉంది. మరీ పొట్టి గొలుసుతో ఎక్కువసేపు కట్టేయడం, యజమాని అయి ఉండీ తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడం, అకారణంగా వదిలేయడం, ఈ మూడూ నేరమే. కానీ మొదటిసారికి జరిమానా పది రూపాయల నుంచి యాభై. దశాబ్దాల కింద రాసిన అంకె, ఇప్పటికీ అదే. చంపినా, అవిటిది చేసినా భారతీయ న్యాయ సంహిత 325 సెక్షన్ ఉంది, దానికి ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. పైన విషం సంగతి రాసిన రైతు గారు ఇది గుర్తుంచుకోవాలి, మీ కుక్కకు విషం పెట్టినవాడి మీద మీరు ఫిర్యాదు చేయొచ్చు. సరళ గారూ, కేసు పెట్టి యాభై రూపాయలు కట్టించడం కంటే మీ చేతిలో ఉన్న సంతకమే గట్టిది. జిరాక్స్ తీసి పెట్టుకోండి. కొత్తవాళ్లకు ఇచ్చేటప్పుడూ రెండు ప్రతులు రాయండి.

చీనీతోట_పుట్లూరు | మార్చి 11, రాత్రి 7.45

నస్రీనమ్మా, నిన్న రాత్రి కొంచెం కోపం వచ్చింది, నిజం. తెల్లారి ఆలోచించాను. మా ఊరి బస్టాండు దగ్గర ఒక కుక్క ఈనింది, ఐదు పిల్లలు, నెల దాటాయి. రెండు తెచ్చుకుంటాను. టీకాలు ఎప్పుడు?

పశువైద్యం_ప్రొద్దుటూరు | మార్చి 11, రాత్రి 9.10

తల్లి పాలు మాన్పించకండి, ఇంకో రెండు మూడు వారాలు ఆగి తెచ్చుకోండి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో, డిస్టెంపర్ వంటి జబ్బులకు కలిపి వేసే టీకా మొదలు, అది మళ్లీ మళ్లీ వేయాలి. మూడు నెలలకు రేబిస్ టీకా, తర్వాత ఏటా. నట్టల మందు ఇప్పుడే ఇవ్వొచ్చు. మీ మండల పశువుల ఆసుపత్రిలో అడగండి. తల్లిని కూడా వదిలేయకుండా ఆపరేషన్‌కి చెప్పండి, లేకపోతే ఆరేడు నెలలకు మళ్లీ ఐదు.

కిరణ్_అనంత | మార్చి 16, ఉదయం 11.20

సరళ గారూ, నేను అనంతపురంలో ఉంటాను. బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పని, రోజంతా ఇంట్లోనే. నా భార్యకి కూడా కుక్కలంటే ఇష్టం, పిల్లలు ఇంకా లేరు, పిల్లులు లేవు. చిన్నప్పుడు ధర్మవరంలో మా ఇంట్లో మూడు కుక్కలు ఉండేవి. రెండో అంతస్తు కాదు, మొదటి అంతస్తే, పెద్ద హాలు ఉంది. గొలుసు అన్న మాటే ఉండదు. మీరు ఎప్పుడొచ్చినా ఇల్లు చూడొచ్చు.

సరళ_తాడిపత్రి | మార్చి 23, రాత్రి 9.15

నిన్న పెద్దోడిని కిరణ్ గారికి అప్పగించి వచ్చాం. ఇద్దరూ చాలా మంచివాళ్లు. ముందువారం ఇల్లు చూసినప్పుడే వాడి కోసం పరుపు కొని పెట్టారు. అమ్మ బస్సులో తాడిపత్రి వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక వాడి గిన్నె కడిగి బోర్లించి పెట్టింది.

కిరణ్_అనంత | మార్చి 28, రాత్రి 10.50

ఇది రాయడానికి చేతులు రావడం లేదు. రేపు పెద్దోడిని సరళ గారి దగ్గరికి తీసుకొస్తున్నాను. తప్పు వాడిది కాదని అందరికీ తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

మాది టైల్స్ నేల. మొదటి రోజే నాలుగు కాళ్లూ నాలుగు వైపులా జారి పడ్డాడు. తర్వాత గోడ వారన పాకినట్టు నడిచేవాడు. చాపలు పరిచాం, చాప మీద నుంచి చాప మీదికే అడుగు వేస్తాడు, మధ్యలో ఖాళీ ఉంటే అక్కడే నిలబడిపోతాడు. పద్దెనిమిది మెట్లు. ఎక్కడం ఎలాగో ఎక్కాడు. దిగడం రాదు. రోజుకి మూడుసార్లు నేనూ మా తమ్ముడూ దుప్పటిలో వేసుకుని కిందికి దింపాం. ఆరో రోజు మెట్ల మీద వాడు భయంతో అక్కడే పోసేశాడు. అది చూసి ఇంటి యజమాని ఇల్లు ఖాళీ చేయమన్నారు. ముందు "కుక్క ఉన్నా పర్వాలేదు" అన్నారు, ఇంత పెద్ద కుక్క అనుకోలేదట. ఆయన దగ్గర నేను రాతపూర్వకంగా తీసుకోలేదు.

మేం ఆరు రోజులు సరిగ్గా నిద్రపోలేదు, అది లెక్క కాదు. వాడు ఆరు రోజులు సరిగ్గా పడుకోలేదు.

సరళ_తాడిపత్రి | మార్చి 29, రాత్రి 8.40

వచ్చేశాడు. కిరణ్ గారిని ఎవరూ ఏమీ అనొద్దు. మెట్లు నేను చూశాను, నా కాళ్లతో ఎక్కాను. కండలేని వెనక కాళ్లతో వాడు ఎలా దిగుతాడని నాకు తట్టలేదు. మనుషులు బాగున్నారు అనే చూశాను, నేల చూడలేదు. ఇకమీదట కిందిల్లు అయితేనే. నున్నటి టైల్స్ కాకపోతే ఇంకా మంచిది. అద్దె ఇల్లయితే ఓనర్ వచ్చి కుక్కను చూసి ఒప్పుకోవాలి.

వాడు గేటు దాటగానే నేరుగా బీరువా వెనక్కి పోయాడు. సాయంత్రం దాకా రాలేదు. అమ్మ సంగటి ముద్ద చేత్తో పట్టుకుని అక్కడే నేల మీద కూర్చుంది, మోకాళ్లు నొప్పులన్నది కూడా మర్చిపోయి.

నస్రీన్_కడప | మార్చి 29, రాత్రి 9.30

అక్కా, ఇప్పుడే ఇంకొకరికి ఇవ్వడానికి తొందరపడకండి. మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని మేం లెక్క చెప్పుకుంటాం. కొత్త ఇంట్లో భయం దిగడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి అర్థం కావడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు. ఈ కుక్కకైతే ఆ లెక్క కూడా చాలదు. ఈసారి తీసుకునేవాళ్లని ముందు మీ ఇంటికే రమ్మనండి, ఒక్కసారి కాదు, మూడు నాలుగుసార్లు.

రైలుబండి_గుంతకల్లు | ఏప్రిల్ 3, ఉదయం 5.30

సరళమ్మ గారికి. నేను రిటైర్డ్ లోకో పైలట్‌ని, గుంతకల్లులో సొంత ఇల్లు. మొదటి రోజు నుంచీ ఇది చదువుతున్నాను, రాయలేదు. మా ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు కాబట్టి.

మా ఇంట్లో పన్నెండేళ్లు ఒక కుక్క ఉండింది. రెండేళ్ల కింద పోయింది. ఇంకొకటి వద్దు, మళ్లీ ఆ బాధ పడలేను అంటుంది ఆమె. వాడికి ఇంకో నాలుగు నుంచి ఆరేళ్లే అని డాక్టర్ గారు రాసింది చదివి వినిపించాను, ఇంకా గట్టిగా వద్దంది. నేనూ బలవంతం చేయను.

కానీ ఇల్లు సంగతి చెప్తాను. కిందిల్లే, మెట్లు లేవు, గడప దాటితే చాలు. నేల మీ తాడిపత్రి నాపరాళ్లే, పాలిష్ లేనివి, గరుకు. ఐదడుగుల ప్రహరీ, లోపల వేపచెట్టు. ఇద్దరం ఇంట్లోనే ఉంటాం. నేను ఆదివారం రైల్లో తాడిపత్రి వస్తాను. తీసుకుపోవడానికి కాదు. కూర్చోవడానికి, మీరు ఒప్పుకుంటే.

సరళ_తాడిపత్రి | ఏప్రిల్ 6, రాత్రి 9.00

సార్ వచ్చారు. వరండాలో నేల మీద గోడకి ఆనుకుని కూర్చున్నారు, పెద్దోడి వైపు చూడలేదు, పిలవలేదు. పేపర్ చదువుకున్నారు. గంటన్నర. నలభై నిమిషాలకు వీడు బీరువా వెనక నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన పేపర్ తిప్పారు, అంతే. పోయేటప్పుడు ఆయన కూర్చున్నచోటు వాసన చూసి అక్కడే పడుకున్నాడు.

సరళ_తాడిపత్రి | ఏప్రిల్ 13, రాత్రి 8.20

ఈ ఆదివారం కూడా వచ్చారు. ఈసారి పావుగంటకే వచ్చి ఆయన చెప్పుల పక్కన పడుకున్నాడు. సార్ చెయ్యి నేల మీద పెట్టి ఉంచారు, వాడే ముక్కు ఆనించాడు. మా వీధిలో బండి ఆగింది, వీడు లేచి గోడ పైకి చూశాడు. సార్ ఎందుకని అడిగారు. చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ముప్పై ఏళ్లు తాడిపత్రి మీదుగా బండి నడిపాను, ఆ ఫ్యాక్టరీలన్నీ కిటికీలోంచి కనపడతాయి" అన్నారు.

రైలుబండి_గుంతకల్లు | ఏప్రిల్ 17, ఉదయం 5.45

ఈ ఆదివారం మా ఆవిడ కూడా వస్తానంది. చూడటానికే అని మూడుసార్లు చెప్పింది.

కిరణ్_అనంత | ఏప్రిల్ 17, ఉదయం 10.10

సార్, ఒప్పుకుంటే రైల్లోనే తీసుకుపోతారా? లేకపోతే నా కారు తెస్తాను. వెనక సీటు మడిచి ఆ పరుపే వేస్తాను, వాడికి దాని వాసన తెలుసు.

రైలుబండి_గుంతకల్లు | ఏప్రిల్ 17, ఉదయం 11.30

గార్డు బోగీలో కుక్కలకు పెట్టె ఉంటుంది బాబూ, కానీ ఇంత కుక్క అందులో తిరగడం కాదు, నిలబడలేదు కూడా. పైగా ఇనుము, చీకటి, చప్పుడు. ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం బుక్ చేస్తే మనతో పాటు తీసుకుపోవచ్చు, ఇంత దూరానికి అది అయ్యే పని కాదు. వాడికి రైలు వద్దు. మీ కారు చాలు, తెల్లవారుజామున బయలుదేరితే గుత్తి మీదుగా ఎండ ఎక్కకముందే చేరతాం.

సరళ_తాడిపత్రి | ఏప్రిల్ 20, రాత్రి 10.15

అమ్మగారు వచ్చారు. దూరంగా కుర్చీలో కూర్చున్నారు. మా అమ్మ టీ ఇస్తే తాగుతూ వాడి మోచేతుల వైపే చూశారు. ఆ పుండ్లు ఎందుకు అయ్యాయని అడిగారు, బండల మీద పడుకుని అని చెప్పాను. సంచిలోంచి పాత నూలు చీర తీశారు. "ఇది వేయమ్మా వాడి కింద" అన్నారు. చూడటానికే వచ్చిన మనిషి గుంతకల్లు నుంచి చీర ఎందుకు తెచ్చుకున్నారో నేను అడగలేదు.

రెండు ప్రతులు రాసుకున్నాం. గొలుసు వేయరు, ఆపరేషన్ చేయిస్తారు, ఉంచుకోలేకపోతే నాకే ఇస్తారు. శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకి కిరణ్ గారి కారు.

రైలుబండి_గుంతకల్లు | ఏప్రిల్ 27, ఉదయం 6.00

నిన్న ఏడు లోపే చేరాం. దారిలో కిరణ్ బాబు ఏసీ వేసి మెల్లగా నడిపాడు. వాడు పరుపు మీదే ఉన్నాడు, వణికాడు, వాంతి చేసుకోలేదు. ఇంటికొచ్చాక వేపచెట్టు చుట్టూ ఒకసారి తిరిగి దాని మొదట్లో పడుకున్నాడు. లోపలికి రమ్మని లాగలేదు. రాత్రి తలుపు తీసి ఉంచి నేను వరండాలోనే మంచం వేసుకున్నాను. రెండింటికి వచ్చి మంచం కింద దూరబోయాడు, పట్టలేదు, పక్కన పడుకున్నాడు. గేటు గొలుసు తీసేసి గడియ పెట్టించాను.

పశువైద్యం_ప్రొద్దుటూరు | ఏప్రిల్ 27, ఉదయం 9.20

సంతోషం సార్. మే నెల దాటేదాకా తెల్లవారుజామున ఐదుకి, రాత్రి ఎనిమిది తర్వాత మాత్రమే నడిపించండి, నడిచే ముందు నేలకి మీ అరచెయ్యి ఆనించి చూడండి. మీకు కాలితే వాడికీ కాలుతుంది. రోజుకి మూడు పూటలు పెట్టండి. ఎక్కువగా రొప్పుతూ చొంగ చిక్కబడితే, తడి గుడ్డతో పొట్ట, పాదాలు తుడుస్తూ వెంటనే ఆసుపత్రికి. ఆపరేషన్ ఈ ఎండలు తగ్గాకే.

చీనీతోట_పుట్లూరు | మే 11, రాత్రి 8.00

ఆ పెద్దకుక్క ఎట్లుందో రాయండి సార్. నా ఇద్దరు పిల్లకాయలకు టీకాలు వేయించాను. తల్లిని కూడా డాక్టరుకి చూపించాను, ఎండలు తగ్గాక ఆపరేషన్ చేస్తామన్నారు. పిల్లలు రాత్రి గొర్రెల దొడ్లోనే పడుకుంటున్నాయి.

రైలుబండి_గుంతకల్లు | మే 18, ఉదయం 5.40

తూకం 51. మోచేతుల మీద కొత్త చర్మం వస్తోంది. ఉదయం సంగటి, గుడ్లు, మధ్యాహ్నం పెరుగన్నం, రాత్రి ఎముకలు తీసేసిన కోడిమాంసం. గిన్నె దగ్గర నా మీద ఇంకా గుర్రుమంటాడు, మా ఆవిడ మీద అనడు. ఆమె గిన్నె పెట్టి అక్కడే పీట వేసుకుని కూర్చుంటుంది. పెద్దోడా అని పిలిస్తే తల ఎత్తుతున్నాడు.

రాత్రి గూడ్సు బండి వెళ్తే ముందు లేచేవాడు. ఇప్పుడు లేవడం లేదు.

బండి ఆగితే ఇంకా చూస్తాడు. మొన్న పాల అబ్బాయి బండి ఆపాడు. లేచి గోడ పైకి చూశాడు. కాసేపు అట్లే నిలబడి, తిరిగి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లి మా ఆవిడ కాళ్ల దగ్గర పడుకున్నాడు. ఆమె ఆ రోజు నుంచి పాల అబ్బాయిని నడిచి రమ్మంటోంది.